ఆరుగురికి తగ్గరాదు

లిఫ్టు మెకానిక్కుకి రూల్సంటే ప్రాణం. వారమంతా అతను రిపేరు చేసే లిఫ్టుల్లో ప్రతిదాని గోడకీ ఒక రేకు ఉంటుంది: ఆరుగురికి మించి ఎక్కరాదు. ఏడోవాడు ఇరుక్కుని ఎక్కి "ఏం కాదులెండి" అన్నాడంటే మనవాడికి ఒళ్ళు మండుతుంది. "తాడు తెగాక చెప్పండి ఆ మాట" అని తలుపు మూయనివ్వడు. ఆదివారం వచ్చిందంటే అదే మనిషి గోల్‌కీపరు తొడుగులు వేసుకుని, మైదానంలో నిలబడి, అదే గొంతుతో ఆ మాటనే తిరగేసి చెబుతాడు: ఆరుగురికి తగ్గరాదు.

అది ముప్పై అయిదు దాటినవాళ్ళు సరదాకి ఆడుకునే ఫుట్‌బాల్ లీగు. సరదా అనేది పేరుకే. రూల్సు మాత్రం చాంతాడంత. నేల మీద జారుతూ వచ్చి అవతలివాడి కాలికి అడ్డం పడకూడదు, సోమవారం అందరూ పనుల్లోకి వెళ్ళాలి గనక. మోకాలి కింద ఎముకకి గట్టి అట్టల పట్టీలు కట్టుకోనివాణ్ణి గీత లోపల అడుగు పెట్టనివ్వరు. రెఫరీని నోరు జారి ఒక మాటంటే రెండు ఆదివారాలు ఇంట్లో కూర్చోవాలి. సీజను సగం గడిచాక కొత్తవాళ్ళని టీములో చేర్చుకోకూడదు. ఒక్కో టీము తరఫున ఆడేది ఎనిమిదిమంది, కనీసం ఆరుగురు. అయిదుగురే వస్తే ఆట లేదు. ఆట మధ్యలో అయిదుగురైపోయినా అంతే, రెఫరీ విజిల్ ఊదేస్తాడు, గెలుపు అవతలివాళ్ళది. ఒకే సీజనులో అలా మూడుసార్లు జరిగితే టీము పేరు కొట్టేస్తారు. ఆ ఖాళీలోకి దూరడానికి బయట ఇంకో టీము కాచుక్కూచుని ఉంటుంది.

మెకానిక్కు టీముకి అప్పటికే రెండుసార్లు అయింది. ఒకడికి బదిలీ, ఒకడికి మోకాలి ఆపరేషను, ఇంకొకణ్ణి భార్య "ఆటా, నేనా" అని అడిగితే పాపం ఆలోచించకుండానే జవాబు చెప్పాడు. మిగిలింది అయిదుగురు: కెప్టెనూ గోల్‌కీపరూ అయిన మెకానిక్కు, లెక్కల మాస్టారు, ప్లంబింగు చేసే అన్నదమ్ములిద్దరు, బేకరీ ఆయన. ఈ చివరాయన్ని అందరూ నత్త అంటారు. పరిగెత్తడం చూస్తే ఎందుకంటారో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆరోవాడు దొరక్కపోతే ఈ ఆదివారంతో టీము కథ కంచికే.

పోతే పోయింది, ముసలితనంలో ఈ ఎగురుళ్ళేమిటని మీరనొచ్చు. మెకానిక్కు అనలేడు. భార్య పోయి ఏడాది కావస్తోంది. పిల్లల్లేరు. సోమవారం నుంచి శనివారం దాకా అతను మాట్లాడేది లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో. వాళ్ళు తలుపు తెరుచుకునేదాకా "అన్నా, అన్నా" అని ప్రాణం పెడతారు, తెరుచుకున్నాక వెనక్కి చూడకుండా పోతారు. ఇంటికొస్తే గిన్నె చప్పుడు కూడా తను చేసుకుంటేనే. ఆదివారం ఒక్కపూట మాత్రం నలుగురు మనుషులు "కెప్టెన్, ఎక్కడ చచ్చావ్?" అని ఫోను చేస్తారు. ఆ పిలుపు కూడా లేకపోతే తను బతికున్నట్టు ఎవరికి తెలుస్తుందో అతనికి అర్థం కావడం లేదు.

ఆరోవాడు లేకపోలేదు. టీములో పేరు ఇంకా ఉన్నవాడు, ఒకప్పుడు ఎడమవైపు గాలిలా పరిగెత్తినవాడు ఒకడున్నాడు. మెకానిక్కు స్వంత బావమరిది. కళ్ళజోళ్ళ షాపు అతనిది. అక్క పోయిన రోజు నుంచి బావతో మాటల్లేవు.

ఎందుకు లేవో కూడా చెప్పాలి. ఆమె పోయింది ఒక ఆదివారం. రెండో సగం ఆట నడుస్తుండగా గోలు వెనకాల సంచిలో ఫోను మోగింది. బంతి అవతలి చివర ఉంది గనక మెకానిక్కు తీశాడు. బావమరిది షాపు నుంచి మాట్లాడుతున్నాడు. "బావా, అక్క ఇప్పుడే ఫోన్ చేసింది. ఆయాసంగా ఉందట, మాట సరిగ్గా రావట్లేదు. నువ్వు దగ్గరున్నావ్, వెంటనే వెళ్ళు." మైదానానికీ ఇంటికీ మధ్య ఉన్నవి రెండే వీధులు. ఆ రోజు వాళ్ళు సరిగ్గా ఆరుగురు. మెకానిక్కు అన్నాడు: "ఇంకాసేపేరా. నేను వెళ్తే అయిదుగురం అయిపోతాం, ఆట ఆపేస్తారు. మధ్యలో వెళ్ళడానికి వీల్లేదు. పడుకోమను, అయిపోగానే వస్తా."

ఆమెకి అప్పుడప్పుడూ ఆయాసం రావడం, మంచినీళ్ళు తాగి పడుకుంటే తగ్గడం మామూలే. అతను అలా అనుకున్నాడు. ఆట గెలిచారు కూడా. ఊరి అవతలి కొస నుంచి షాపు మూసి పరిగెత్తుకొచ్చిన తమ్ముడే ముందు చేరాడు. వంటింట్లో పడి ఉన్న అక్కని చేతుల్లో ఎత్తుకుని మెట్లు దిగుతుంటే, ఈయన మట్టి బూట్లతో మెట్లెక్కుతూ ఎదురుపడ్డాడు. ముందే తెస్తే బతికేదా అని అడిగితే డాక్టరు "చెప్పలేం" అన్నాడు. బతికేదంటే మెకానిక్కు ఏడ్చేవాడు, బతికేది కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఆ "చెప్పలేం" మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. తనని తాను ఓదార్చుకోవడానికి అతనికి దొరికింది ఒకటే మాట: నేనేం చేసేది, రూలు అలా ఉంది.

శనివారం మధ్యాహ్నం మెకానిక్కు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక, ఉన్న ముఖం పెట్టుకునే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. బావమరిది ఒక పెద్దావిడ కళ్ళజోడుకి సూదంత స్క్రూ బిగిస్తున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయేదాకా మెకానిక్కు గోడకి వరసగా ఉన్న ఖాళీ ఫ్రేముల ముందు నిలబడ్డాడు.

"కూర్చో బావా" అన్నాడు బావమరిది.

ఏడాది తర్వాత వినబడ్డ "బావా". మెకానిక్కు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒరేయ్, నిన్నేదో అడగడానికి నాకు హక్కు లేదు. తెలుసు. అయినా అడుగుతున్నా. రేపు నువ్వు రాకపోతే టీము పోతుందిరా. నాకింక ఏమీ..."

బావమరిది ఒక అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. "ఎంతమంది ఉండాలి? మర్చిపోయాను."

"ఆరుగురు."

"మధ్యలో ఒకడు వెళ్ళిపోతే?"

రూల్సు అడిగితే మెకానిక్కుకి ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. ఆ రోజూ వచ్చింది. "అయిదుగురైతే రెఫరీ ఆపేస్తాడు. మనం ఎన్ని గోల్స్‌తో గెలుస్తున్నా సరే, ఆట వాళ్ళకి రాసిచ్చేస్తాడు. మనకిది మూడోది గనక పేరు కూడా కొట్టేస్తారు."

"కారణం ఏదైనా?"

"కారణం ఏదైనా."

"కారణం ఏదైనా" అని బావమరిది మెల్లగా తనలో తను అనుకున్నాడు. అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "వస్తాను బావా. అక్క అంకె కుట్టిన జెర్సీ ఉందా?"

"ఉందిరా! ఉతికి పెట్టాను. నా నెత్తిన పాలు పోశావు!"

ఆ సాయంత్రం అతను ఆ జెర్సీని మళ్ళీ ఉతికాడు. ఎరుపు జెర్సీ మీద తెల్లగుడ్డతో ఆమె కుట్టిన పదకొండు అంకె. మొదటి ఒకటి నిటారుగా, రెండోది కొంచెం పక్కకి వాలి ఉంటుంది. అలా ఎందుకు కుట్టావని అప్పట్లో తమ్ముడు గోల చేస్తే, "నువ్వూ అలాగే నడుస్తావు కదరా" అందామె. బాల్కనీలో ఆరేస్తూ మెకానిక్కు చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాడు. ఆట అయ్యాక వాణ్ణి ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టాలని కూడా అనుకున్నాడు. ఆశ ఎంత సిగ్గులేనిదంటే, పప్పులో ఉప్పు ఎంత వేయాలో కూడా ఆలోచించాడు.

ఆదివారం బావమరిది చెప్పిన వేళకి వచ్చాడు. కాళ్ళ పట్టీలు మాత్రం తేలేదు. రెఫరీ, వారమంతా మందుల షాపులో కూర్చునే మనిషి, వంగి అందరి కాళ్ళూ వేలితో కొట్టి చూసుకుంటూ వచ్చి ఇతని దగ్గర ఆగాడు. "పట్టీలు లేవు. ఆడటానికి వీల్లేదు."

ప్లంబర్లు తలలు పట్టుకున్నారు. మెకానిక్కు మాట్లాడకుండా కింద కూర్చుని, తన పట్టీలు విప్పి, మోకాళ్ళ మీద బావమరిది ముందుకు జరిగి, స్వయంగా అతని కాళ్ళకి కట్టాడు. తన మేజోళ్ళలోకి నత్త తెచ్చిన బిస్కెట్ల పెట్టె అట్టలు చింపి దోపుకున్నాడు. రెఫరీ వాటినీ కొట్టి చూశాడు. "గట్టిగా ఉండాలని రూలు. దేంతో చేశారో రూల్లో లేదు. కానివ్వండి." బావ తన కాళ్ళకి పట్టీలు కడుతున్నంతసేపూ బావమరిది పడిపోకుండా అతని భుజం మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. కట్టడం అయ్యాక కూడా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. మెకానిక్కు తల ఎత్తలేదు, ఎత్తితే కళ్ళు కనబడతాయని.

అవతల ఎనిమిదిమంది, ఇవతల ఆరుగురు. ఎవరి చేతిలో ఓడితేనేం, ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అనుకునే టీము ఇది. కానీ ఆ రోజు బావమరిది ఒళ్ళు దాచుకోకుండా ఆడాడు. ఎడమ గీత వెంబడి ముగ్గుర్ని దాటుకుని వెళ్ళి బంతిని మధ్యలోకి కొడితే, అక్కడికి అప్పుడే నింపాదిగా చేరుకున్న నత్త వీపుకి తగిలి అది గోలులోకి పోయింది. ఎక్కడ తగిలిందో తెలియక నత్త వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మాస్టారు ఆయన్ని అమాంతం ఎత్తి, నడుం పట్టేసి, దించేశాడు. సగం ఆటప్పుడు అందరూ నీళ్ళు తాగుతూ పడీపడీ నవ్వారు. బావమరిది కొంచెం దూరంగా కూర్చుని గోలు వెనకాల ఉన్న సంచిని చూస్తున్నాడు. అలిసిపోయాడు పాపం, అనుకున్నాడు మెకానిక్కు.

రెండో సగంలో అవతలివాళ్ళు మీద పడ్డారు. మెకానిక్కు రెండు బంతులు ఆపాడు, ఒకటి పొట్టతో. తర్వాత ఆట అవతలి చివరికి పోయింది. అక్కడ అందరూ బంతి చుట్టూ మూగి ఉండగా, బావమరిది వాళ్ళలోంచి బయటికొచ్చి ఇటు నడవడం మొదలెట్టాడు. పరుగు కాదు, మామూలు నడక. ఎండలో ఆ వాలిన ఒకటి దగ్గరదగ్గరకి వచ్చింది.

"ఏరా, దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మరెక్కడికి?"

"ఇంటికి, బావా."

"ఇంకాసేపేరా! నువ్వు వెళ్తే అయిదుగురం అయి..." మెకానిక్కు నోరు ఉన్నపళాన మూతపడింది. ఆ మాటలు ఎవరివో, ఎప్పటివో అతనికి తెలిసింది.

పూర్తిచేస్తాడేమోనని బావమరిది కాసేపు ఆగాడు. అతని ముఖంలో కోపం కూడా లేదు. కిందికి వంగి పట్టీలు విప్పి, గోలు స్తంభం పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"మధ్యలో వెళ్ళడానికి వీల్లేదన్నావు ఆ రోజు. చూడు బావా. ఆ గేటుకి తాళం కూడా లేదు." రెండడుగులు వేసి మళ్ళీ అన్నాడు, "జెర్సీ నేను తీసుకెళ్తున్నా. అక్క కుట్టింది."

గీత దాటాడు. గేటు తోశాడు. అది ఎప్పట్లాగే కిర్రుమని తెరుచుకుంది.

రెఫరీ వేలితో ఎరుపు జెర్సీల్ని లెక్కపెట్టాడు. పాపం, రెండోసారి కూడా లెక్కపెట్టి, ఆ తర్వాతే విజిల్ ఊదాడు. మాస్టారు పరిగెత్తుకొచ్చి "ఏమైంది? ఎటు పోయాడు వాడు? పిలువు!" అని అరిచాడు. ప్లంబర్లలో చిన్నవాడు జెర్సీ తీసి నేలకేసి కొట్టాడు. నత్త ఒక్కడు ఏమీ అడక్కుండా వచ్చి, స్తంభం పక్కనున్న పట్టీలు తీసి కెప్టెన్ చేతిలో పెట్టబోయాడు. కెప్టెన్ అందుకోలేదు. అతని చూపు గేటు మీద ఉంది.

ఎన్ని ఆదివారాలు ఆ గేటుకి ఎదురుగా నిలబడ్డాడు! గొళ్ళెం తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. గాలికి కూడా తెరుచుకుంటుంది.

అతను నడిచాడు. గేటు దాటాక నడక పరుగైంది. ఎందుకు పరిగెత్తుతున్నాడో ఎవరైనా ఆపి అడిగితే చెప్పలేకపోయేవాడు. ఒక వీధి, మూలన సైకిళ్ళ షాపు, ఇంకో వీధి, మెట్లు. మేజోళ్ళలోంచి అట్టముక్కలు జారి దారిలో ఎక్కడో పడిపోయాయి. తొడుగులతో తాళంచెవి తిరగక, పళ్ళతో తొడుగు లాగి తలుపు తీసి, మట్టి బూట్లతోనే వంటింట్లోకి వెళ్ళాడు.

వంటింట్లో పొయ్యి మీద ఇద్దరికి వండిన పప్పు ఉంది. తెరిచిన కిటికీలోంచి మైదానంలో మాస్టారు ఎవరితోనో ఇంకా వాదిస్తున్న గొంతు వినబడుతోంది. ఆట మధ్యలో వదిలి వస్తే ఎంతసేపట్లో చేరతాడో అతను ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. ఆమె పడిపోయిన చోట గట్టుకి ఆనుకుని, నోరు తెరిచి, పరుగుకి రొప్పు వస్తుందని ఎదురుచూశాడు. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. అతనికి ఆయాసం కూడా రాలేదు.