వెన్న తగ్గించిన ముద్ద

మా అత్తగారు చేసే దుంపల ముద్ద తిన్నవాళ్లెవరూ మారు వడ్డించుకోకుండా లేచింది లేదు. ఏడాది చివరి సెలవులకి అందరం ఆవిడ ఇంట్లో చేరతాం. ఆ మధ్యాహ్నం భోజనంలో ఇంకేం ఉన్నా లేకపోయినా అది మాత్రం ఉండాల్సిందే. మూడు కిలోల బంగాళాదుంపలు, అరకిలో వెన్న, గిన్నెడు మీగడ, చేతికి ఎంతొస్తే అంత ఉప్పు.

"అమ్మకి తొందరెక్కువ. నాకు పళ్లూడేదాకా ఆగలేక ఇప్పట్నుంచే ముద్దలు పెడుతోంది" అనేవారు మా బావగారు, మూడోసారి గిన్నె తనవైపు లాక్కుంటూ.

ఆ బావగారు నలభై ఎనిమిదేళ్లకే పోయారు. అన్నదమ్ములిద్దరిదీ అద్దాలు కోసి కిటికీలకి బిగించే దుకాణం. ఓ పొద్దున అద్దం మీద గీత గీస్తూ గీస్తూ, "ఆయాసంగా ఉందిరా" అని స్టూలు మీద కూర్చున్నారట. మా ఆయన గ్లాసుతో నీళ్లు తెచ్చేలోపే గుండె ఆగి, అంతా అయిపోయింది.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. నెల తిరక్కుండానే మా ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టి రక్తం తీశాను. రిపోర్టు వచ్చాక కొవ్వు ఎంతుందో చూసి ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఏమీ దాచలేదు. "మీ అన్నగారిదీ మీదీ ఒకే తరహా ఒళ్లు. వెన్నకీ మీగడకీ దూరంగా ఉండండి. ఉప్పు బాగా తగ్గించండి" అన్నాడు.

"అమ్మకి మాత్రం చెప్పకు. ఒకణ్ణి పోగొట్టుకుని ఉంది" అన్నారు మా ఆయన, మెట్లు దిగుతూ. సరేనన్నాను.

సెలవులు దగ్గరపడ్డాయి. ఆవిడకి కారణం చెప్పకుండానే వెన్న మాన్పించాలి. ముందే ఫోన్ చేసి, "ఈసారి ముద్ద నేను చేస్తానత్తయ్యా" అన్నాను.

"నా చెయ్యింకా పడిపోలేదులే" అని పెట్టేసింది ఆవిడ.

ఆ రోజు పొద్దున్నే సంచీ నిండా క్యారెట్లు, చిలగడదుంపలు, టర్నిప్పులు తీసుకుని వాళ్ల వంటగదిలోకి వెళ్లాను. మా తోడికోడలు అప్పటికే పీట మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆమెని నేను అక్కా అనే పిలుస్తాను. బావగారు పోయాక సగానికి సగం అయిపోయింది మనిషి.

"అత్తయ్యా, ఈ ఒక్క ఏడాదీ అచ్చం ఆయనకి ఇష్టమైనట్టే చెయ్యండి. వెన్న కాస్త ఎక్కువే వెయ్యండి" అంది అక్క తలెత్తకుండా.

అత్తయ్య వెన్న పొట్లం విప్పింది. అప్పుడిక నా నోరు ఆగలేదు.

"వద్దత్తయ్యా. మీ చిన్నబ్బాయికి కూడా అదే జబ్బు మొదలైంది."

అక్క చేతిలో కత్తి ఆగిపోయింది. రిపోర్టు సంగతి, డాక్టరు మాట, అన్నీ చెప్పేశాను. అత్తయ్య వెన్న పొట్లం చేత్తో పట్టుకునే నావైపు తిరిగింది.

"అయితే పెద్దోణ్ణి నేనే చంపుకున్నానా అమ్మాయ్?"

"అవేం మాటలత్తయ్యా! ఒంటి తీరే అలాంటిది. పైగా రోజుకో పెట్టె సిగరెట్లు. మీ ముద్ద ఏడాదికోసారేగా?"

"ఏడాదికోసారా?" అంది ఆవిడ. "ప్రతి ఆదివారం పెద్దోడికి డబ్బాలో పెట్టి పంపేదాన్ని. నువ్వు ఏమైనా అనుకుంటావని నీకు చెప్పలేదు. చిన్నోడు ఎప్పుడూ అడగలేదు, పెద్దోడే అడిగేవాడు."

ల్యాబులో రోజుకి ఎనభైమంది రక్తం చూస్తాను. ఎవరి గుండె దేనివల్ల ఆగిందో ఆ అంకెల్లో నాకు కనిపించదు.

అప్పుడు అక్క మాట్లాడింది. "ఆ డబ్బా సోమవారం వెచ్చబెట్టి ఇచ్చింది నేనే అత్తయ్యా. చాలలేదంటే పైన ఇంకో చెంచా వెన్న కూడా వేసేదాన్ని."

ఆమె లేచి, అత్తయ్య చేతిలోంచి పొట్లం తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టేసింది. మళ్లీ పీట మీద కూర్చుని నా సంచీలోంచి క్యారెట్ తీసి చెక్కు తియ్యడం మొదలుపెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు.

ముగ్గురం పనిలో పడ్డాం. బంగాళాదుంపలు సగమే వేశాం. మిగతా సగం నేను తెచ్చినవి. దుంపలు ఉడికిన నీళ్లు పారబొయ్యకుండా గిన్నెలోకి వంచాను. మీగడకి బదులు ఆ నీళ్లూ, కాస్త పెరుగూ. ఉప్పు తగ్గిన లోటు తెలియకుండా, రెండు చెంచాల నూనెలో ఎర్రగా వేయించిన వెల్లుల్లి, మిరియాలపొడి. పప్పుగుత్తి అత్తయ్యే అందుకుంది. ఉండ లేకుండా మెదిపేదాకా ఎవరికీ ఇవ్వలేదు. ముద్ద పసుపూ నారింజా కలిసిన రంగులో, మెత్తగా వచ్చింది. ఉప్పు చూడమని చెంచా ఇస్తే, "నువ్వే చూడు" అని తల తిప్పుకుంది.

భోజనాల దగ్గర మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అత్తయ్య కళ్లు ఆయన నోటి మీదే ఉన్నాయి. అమ్మకి విషయం తెలిసిపోయిందని ఆయనకి ఆ చూపులోనే అర్థమైంది.

"బాగుందమ్మా. ఇంకొంచెం వెయ్యి."

"అబద్ధాలు నేర్చావురా" అంది ఆవిడ. నవ్వబోయింది, చేతకాలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వెనకాలే అక్క కూడా లేచింది. మేం మిగిలినవాళ్లం గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం. నిజానికి ముద్ద బాగానే కుదిరింది.

ఇది జరిగి నాలుగేళ్లు. మా ఆయన ఒళ్లు తగ్గారు, మెట్లెక్కినా ఆయాసం లేదు. అక్క కూతురి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరింది. సెలవులకి ఇప్పటికీ అందరం కలుస్తాం. ముద్ద నేను చేస్తాను. అత్తయ్య పొయ్యి దగ్గరికి రావడం మాత్రం తగ్గించేసింది. మేం ఎంత చెప్పినా ఆ సంగతి ఆవిడ మనసులోంచి పోలేదు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. వడ్డించడానికి గరిటె ఎత్తి, సగంలో ఆపి, నావైపు చూస్తుంది.

"ఇది వాడికి పెట్టొచ్చా అమ్మాయ్?" అని అడుగుతుంది.

"పెట్టండత్తయ్యా" అంటాను.

అప్పుడు గాని ఆవిడ చెయ్యి కదలదు.