జెండాలమ్మ పుట్టినరోజు

ఊరు పుట్టి రెండు వందల ఏళ్ళు నిండాయని, పేరుమోసిన పదిమంది ఉన్న ఇళ్ళకు పది శిలాఫలకాలు పెట్టాలని ఉత్సవ సంఘం తీర్మానించింది. ఆ పదిమంది ఎవరో జనాన్నే చెప్పమని కూడలిలో ఒక పెట్టె పెట్టారు. చీటీలు విప్పి చూస్తే, వంతెన గడియారం చేసిన కమ్మరి మూడోవాడయ్యాడు. వరదలో ఏరు ఈది అవతలి దేశం డాక్టర్ని పడవెక్కించుకొచ్చిన జాలరి రెండోవాడయ్యాడు. అందరికన్నా పైన నిలిచింది జెండాలమ్మ.

ఆ కబురు చెవిన పడగానే గొడుగాయనకి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. జెండాలమ్మ అనే మనిషి ఈ భూమ్మీద పుట్టనే లేదని తెలిసింది ఊళ్ళో అతనికీ, అతని భార్యకీ మాత్రమే.

గొడుగాయనంటే ఊరు చూడవచ్చిన వాళ్ళని వెంటేసుకుని తిప్పే గైడు. మూసిన గొడుగు పైకెత్తి ముందు నడుస్తాడని ఆ పేరు. ఏటికి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం, మధ్యన ఒక వంతెన. అదీ ఊరి గొప్ప. ఆ వంతెన ఒకప్పుడు పదకొండేళ్ళు మూతబడింది. అప్పుడు ఇవతల అక్క, అవతల చెల్లెలు. ఇవతల మామ, అవతల అల్లుడు. చూడవచ్చిన వాళ్ళకి ఆ సంగతులే కావాలి. ఎటొచ్చీ మార్కెట్టు నుంచి వంతెన దాకా పోయే వీధిలో నాలుగు వందల అడుగుల మేర చెప్పుకోడానికి ఏమీ దొరకదు. ఒక పక్క గోదాము గోడ, ఇంకో పక్క బోసి మొహాల ఇళ్ళు. అక్కడికి రాగానే జనం ఆవలించడం, ఫోన్లు తీయడం.

పదిహేనేళ్ళ కింద ఒక ముసలావిడ "ఇక్కడేం లేదా నాయనా?" అని అడిగింది. లేదంటే పోయేది. గొడుగాయన నాలుక ఊరుకోలేదు. ఒక మేడమీది కిటికీ వైపు గొడుగు చూపించి, "లేకేం అమ్మా! వంతెన మూసిన పదకొండేళ్ళూ జెండాలమ్మ ఉన్న గది అదే. ఇవతల పెళ్ళయితే ఎర్రగుడ్డ, బిడ్డ పుడితే పచ్చగుడ్డ, ఎవరన్నా పోతే తెల్లగుడ్డ కట్టేది. అవతల ఒడ్డున చుట్టాలు చూసుకునేవాళ్ళు" అన్నాడు.

ఆవిడ బావురుమంది. రుచి మరిగిన పిల్లి ఉట్టి వదులుతుందా? ఆనాటి నుంచి రోజుకి రెండుసార్లు, పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ, ఆ కిటికీ కింద జెండాలమ్మ వెలుస్తూనే ఉంది. చెప్పగా చెప్పగా ఊళ్ళోవాళ్ళు కూడా నమ్మారు. "మా నాయనమ్మ చూసిందట" అనేవాళ్ళు పుట్టుకొచ్చారు.

ఉత్సవ సంఘానికి అధ్యక్షురాలు పెద్ద టీచరమ్మ. సగం ఊరికి చరిత్ర చెప్పింది, గొడుగాయన చెవి కూడా మెలిపెట్టింది. గైడ్లకి లైసెన్సు బిళ్ళలిచ్చేదీ ఆవిడే. లేనిది ఉన్నట్టు చెప్పినవాడి బిళ్ళ ఊడబెరకాలన్న నిబంధన రాసిందీ ఆవిడే. ఆ బిళ్ళ లేకపోతే గొడుగాయనకి ఎండకీ వానకీ తప్ప గొడుగెత్తే పనిలేదు.

"ఏమయ్యా, ఫలకం చెక్కేవాడు తొందరపడుతున్నాడు. జెండాలమ్మ అసలు పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ కావాలి. శుక్రవారం పదకొండింటికి నేనే ఆ ఇంటికొస్తా. నువ్వూ ఉండు" అందావిడ.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఇస్త్రీ చేస్తుంటే గొడుగాయన గడప మీద కూలబడి సంగతి చెప్పాడు.

"పుట్టిన తేదీ అడుగుతోందే, ఏం చెయ్యను?"

"నన్నడుగుతారేంటండీ? కన్నవాళ్ళకి తెలియాలి పుట్టినరోజు. కన్నది మీరేగా!"

"ఎగతాళి ఆపు. ఆ ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి ఉండే ఉంటుంది. ఆవిణ్ణే జెండాలమ్మ అంటే పోలా?"

"బాగుంది. మొదట పచ్చి అబద్ధం, ఇప్పుడు పోపు పెట్టిన అబద్ధం" అని ఆవిడ చొక్కా తిరగేసింది.

మునిసిపల్ రికార్డు గదిలో గుమాస్తా దుమ్ము దులిపి, "అది టెలిఫోన్ వాళ్ళ క్వార్టర్సండీ, జెండాలూ గిండాలూ రాసిలేవు" అన్నాడు. ఇక శుక్రవారం టీచరమ్మకన్నా ముందే ఆ ఇంటి మెట్లెక్కడం తప్పలేదు. పదిహేనేళ్ళుగా కింద నిలబడి చూపించిన గదికి ఎక్కడం అదే మొదలు.

తలుపు తీసిన ముసలమ్మకి ఎనభై ఏళ్ళుంటాయి. గొడుగాయన నోరు తెరిచేలోపే, "రా నాయనా. ఇన్నాళ్ళకి పైకొచ్చావు. తేదీల కోసం వస్తానని టీచరమ్మ కబురుపెట్టిందిలే. కూర్చో" అంది.

"నేను తెలుసా పెద్దమ్మా?"

"రోజుకి రెండుసార్లు వింటుంటే తెలియదూ? మొదట్లో జెండాలమ్మకి మొగుడు లేడు. ఆరో ఏడు పెళ్ళి చేశావు. కిందటేడు ఆ మొగుణ్ణి చంపేశావు. పాపం, ఏం తప్పు చేశాడయ్యా?"

"వానాకాలం పెద్దమ్మా. జనం నిలబడాలి కదా."

లేచి కిటికీ దగ్గరికి పోయి చూశాడు. ఎదురుగా గోదాము రేకులు. ఆ రేకుల మీద రెండు పావురాలు. ఏరు లేదు, అవతలి ఒడ్డు లేదు.

"ఏరు కనబడదే!"

"ఎప్పుడు కనబడిందీ? నీ గొడుగు చూసేవాళ్ళే గాని, కిటికీ ఎటు తిరిగుందో చూసినవాడు ఒక్కడూ లేడు."

"మరి ఈ ఎర్రగుడ్డ?" కిటికీ చువ్వకి కట్టి ఉందది. అప్పుడప్పుడూ కనబడుతుంటే తన అదృష్టమనుకునేవాడు.

"నేనే కడుతున్నా. అంత దూరం నుంచి వచ్చి ఉత్త చువ్వలు చూసిపోతారా అని." ముసలమ్మ నవ్వింది. "అసలు ఆ రోజుల్లో ఇలాంటి గుడ్డ కట్టుంటే వారం తిరక్కుండా జైల్లో పెట్టేవాళ్ళు."

"అయితే మీరిక్కడ అప్పట్నుంచీ ఉన్నారా?"

"ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. వంతెన మూసినప్పుడు తీగలు కూడా తెంపారు. ఇవతల అక్క అవతల చెల్లెలితో మాట్లాడాలంటే ఇక్కణ్ణుంచి మన రాజధానికి, అక్కణ్ణుంచి వాళ్ళ రాజధానికి, మళ్ళీ ఈ ఏటి ఒడ్డుకి. కేకేస్తే వినబడే చోటికి, గొంతు దేశాలన్నీ తిరిగి రావాలి. పొద్దున ట్రంకాల్ రాయించుకుంటే సాయంత్రానికి దొరికేది. దొరికేసరికి వీళ్ళకి ఏడుపు తప్ప మాట వచ్చేది కాదు. మూడు నిమిషాలు కాగానే కట్."

"అప్పుడు?"

"అప్పుడేముంది, అవతల ఎక్స్ఛేంజిలో ఉన్నామెకి నేనే చెప్పేదాన్ని. ఫలానా ఇంట్లో మగబిడ్డ, తల్లీబిడ్డా క్షేమం అని. పేర్లు చెప్పుకోకూడదు, రూలు. ఆమె నన్ను ఇవతలక్కా అనేది, నేను అవతలక్కా అనేదాన్ని. పదకొండేళ్ళు. మా అమ్మకి చెప్పని సంగతులు ఆమెకి చెప్పా. వంతెన తెరిచిన రోజున ఆమెని చూద్దామని తెల్లారకముందే పోయి నిలబడ్డా..."

తలుపు మీద చప్పుడయింది. గడప బయట చెప్పులు విప్పుతూ పెద్ద టీచరమ్మ, చేతిలో కాగితం, ముక్కు మీద కళ్ళజోడు.

ముసలమ్మ గొడుగాయన చెవి దగ్గరికి వంగింది. "ఏం చెప్పమంటావు? మా అత్తే జెండాలమ్మ అనేస్తా. ఆవిడ పుట్టిన తేదీ నాకు నోటికొచ్చు. నీ బిళ్ళ నీకుంటుంది."

అతనికి కావలసింది సరిగ్గా అదే. దానికోసమే మెట్లెక్కాడు. ఊ అంటే చాలు. టీచరమ్మ రాసుకుని పోతుంది, రాతి మీద చెక్కుతారు. ఆ తర్వాత ఈ గదిలో ఆపరేటరు ఉండేదని చెప్పినా నమ్మేవాడుండడు. తన కథ ముందు ఎవరి కథ నిలబడిందని? ఈ పదిహేనేళ్ళూ ఈవిడ కిటికీ కిందే తను గొంతు చించుకున్నాడు. పైగా, వంతెన మీద ఏం జరిగిందో ఇంకా తెలియలేదు.

"టీచర్ గారూ, జెండాలమ్మ లేదండీ. నేనే కల్పించా" అనేశాడు. "మీరు తిట్టేది కాసేపాగి తిట్టండి. పెద్దమ్మా, తర్వాతేమైంది?"

టీచరమ్మ కళ్ళజోడు తీసింది. "ఏది తర్వాత?"

"అవతలక్క కనబడిందా అని."

ముసలమ్మ ఇద్దర్నీ చూసి మొదలుపెట్టింది. "వంతెన నిండా జనం. మొహం ఎరగను, పేరెరగను, ఎట్లా వెతికేది? నడిమధ్యన నిలబడి, లైన్లో ఉండండీ! అని ఎక్స్ఛేంజి గొంతుతో గట్టిగా అరిచా. నలుగురు వెనక్కి తిరిగారు."

"నలుగురా!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"నలుగురూ అవతలక్కలే! డ్యూటీలు మార్చుకుంటూ, దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి పుస్తకంలో రాసిపెట్టిపోతూ. డిపార్టుమెంటు అందరికీ ఒకే గొంతు నేర్పిందిగా, నేను పోల్చుకోలేదు. ఒకామెకి చెప్పుకున్న రహస్యాలు నలుగురికీ తెలుసు! నాకు కోపమొచ్చింది. కానీ మేం మాత్రం? ఇవతల ముగ్గురం. వాళ్ళూ మమ్మల్ని ఒక్కతే అనుకున్నారు. ఎవరు ఎవరికి ఏం చెప్పారో తేల్చుకునేసరికి పొద్దుగూకింది."

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం తిరగేసి వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. ఆ ఏడుగురి పేర్లూ, ఎవరెక్కడున్నారూ, ఆ పుస్తకాలేమైనా మిగిలాయా. అవతలి దేశపు నలుగుర్ని ఇవతలి ఫలకం మీద చెక్కితే సంఘంలో ఎవరెవరు గొడవ చేస్తారో వేళ్ళ మీద లెక్కేసుకుని, "చెయ్యనీ" అంది.

ఆమె లేచి చెయ్యి చాపేసరికి మధ్యాహ్నమైంది. గొడుగాయన చొక్కాకున్న బిళ్ళ తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఈ వీధిలో ఇళ్ళెన్ని?" అడిగిందావిడ.

"పందొమ్మిదండీ."

"ఎన్నిటి మెట్లెక్కావు?"

"ఇదొక్కటే. ఇవాళే."

"మిగతావి ఎక్కిరా. విన్నది రాసుకురా, నీ బుర్ర కన్నది కాదు. చదివాక బిళ్ళ సంగతి చూద్దాం."

వీధిలోకొచ్చాక పక్కింటి తలుపు ముందు నిలబడ్డాడు. రోజూ చూసే తలుపే, దాని రంగు నీలమని ఇప్పుడే గమనించాడు. లోపల ఎవరో ఆకురాయితో దేన్నో అరగదీస్తున్నారు. తలుపు తట్టగానే చప్పుడాగింది.

"ఎవరూ?"

అలవాటైన మాటలు ఒక్కటీ పనికిరాలేదు. "నేనండీ... ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరుండేవాళ్ళో కనుక్కుందామని."

గడియ తీసిన చప్పుడు. చేతులకి ఇనప రజను అంటుకున్న ఒకాయన తల బయటపెట్టి అతన్ని కిందికీ పైకీ చూశాడు.

"ఇంతకుముందు అంటే, ఎంత ముందు?"