ఆమెకే చెప్పాలి

"నీకేం తల్లీ, కూర్చున్నచోటే పని" అంది అత్తయ్య, ఆరిన బట్టల కుప్పను తెచ్చి నా ఒళ్ళో దించుతూ.

మా ఇంట్లో పనులకు ఒక విభజన ఉంది. నిలబడి చేసేవి నిలబడగలిగినవాళ్ళవి, కూర్చొని చేయగలిగినవన్నీ నావి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కూరలు తరగడం, ఇస్త్రీ, పిల్లదాని చదువు, కరెంటు బిల్లు మీద ఫిర్యాదు ఫోన్లు, అత్తయ్య మోకాళ్ళకు మందు రాయడం. ఆడపడుచు వస్తూ వస్తూ తన ఇంటి చిరుగులు కూడా మూటగట్టి తెస్తుంది. "ఎలాగూ కూర్చునే ఉంటావుగా వదినా!" కూర్చోవడం విశ్రాంతి అని నిలబడేవాళ్ళ నమ్మకం. చక్రాల కుర్చీలో ఇన్నేళ్ళుగా కూర్చున్న నాకు ఆ నమ్మకం ఇంకా కుదరలేదు. వీటి సందుల్లో దొరికిన వేళ కర్టెన్లు కుడతాను. మిషను మోటారు మీటను కాలి దగ్గర నుంచి బల్ల మీదికి తెచ్చి, మోచేత్తో నొక్కేలా అమర్చింది మా ఆయనే. ఆయన మంచివారు కారని చెప్పడం నా ఉద్దేశం కాదు.

కుట్టుకూలి మాత్రం దుకాణం నుంచి నేరుగా ఆయన ఖాతాకే వెళుతుంది. "నీ పేరున డబ్బు కనబడిందంటే పింఛను ఆపేస్తారు" అని పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. అది అబద్ధం కాదు, అప్పటి నిబంధన అదే. ఒకసారి నిజమైన మాటను మళ్ళీ పరీక్షించాలని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయనా నేనూ తనిఖీకి పింఛను ఆఫీసుకు వెళ్ళాం. కొత్తగా ర్యాంపు కట్టారు, గుమ్మం వెడల్పు చేశారు. బల్ల వెనకాల కూర్చున్న ఉద్యోగిని, నాకంటే చిన్నదే, మమ్మల్ని చూడగానే లేచి ఇవతలికి వచ్చి, ఒక స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి మేడం" అన్నారు మా ఆయన, అలవాటుగా.

"ఆమెకి చెప్పాలండీ."

"ఆమెకి చెప్పినా నాకు చెప్పినా ఒకటే. మాది ఒకటే మాట."

"సంతోషమండీ. కానీ చట్టం మారింది. పింఛను ఎవరిదో వాళ్ళకే చెప్పాలి. విన్నది వాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పటిదాకా నేను చెప్పనట్టే లెక్క." తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, మీలాంటివాళ్ళ కోసం ఒక పొదుపు ఖాతా ఉంది. అందులో కొంత పరిమితి దాకా ఎంత దాచుకున్నా పింఛనుకు అడ్డం రాదు. మీ కూలి డబ్బులూ వేసుకోవచ్చు. ఎవరు వేసినా అది మీ సొమ్మే, మీ సంతకం లేకుండా కదలదు. ఇప్పుడు చెప్పండి, ఏం అర్థమైంది?"

నేను గొంతు సవరించుకునే లోపే మా ఆయన అందుకున్నారు. పరిమితి, వడ్డీ, సంతకం, ఒక్కటీ తప్పు పోకుండా గడగడా చెప్పారు. ఆమె చెప్పని వడ్డీ సంగతి కూడా.

ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. "మీకు అర్థమైందని నాకు తెలుసండీ. పోయినేడు నేను చెప్పినప్పుడే మీకు బాగా అర్థమైంది. అప్పట్లో తోడొచ్చినవాళ్ళకి చెబితే సరిపోయేది."

పోయినేడు గుమ్మంలో కుర్చీ పట్టక నేను వరండాలో ఉండిపోయాను. ఆయన లోపలికి వెళ్ళి వచ్చి "ఏముంది, మామూలే" అన్నారు. ఆ మామూలులో ఇది ఉందన్నమాట.

"నీకెందుకీ తలనొప్పని..." అని ఆయన వాక్యం మధ్యలో వదిలేశారు.

"కాసేపు బయట కూర్చుంటారా అన్నగారూ?" అంది ఆమె.

ఆయన వెళ్ళాక నాలో కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. దొరికింది వేరే. నా ఎదుటి మనిషి తన మాట ఆపి, నా ముఖం చూస్తూ, నేను చెప్పబోయేది తనకు ముందుగా తెలియదన్నట్టు కూర్చుంది. నా గురించి ఇంట్లో ఎంతో మాట్లాడతారు. ఏం తింటానో, ఎప్పుడు అలుస్తానో, నాకేది మంచిదో అందరికీ తెలుసు. అంతా తెలిసిన చోట మనిషిని అడగవలసిన అవసరం ఉండదు. ప్రేమ నా జవాబు కోసం ఎన్నడూ ఆగలేదు. ప్రేమంటే ఏమిటో తెలియని చట్టం ఆగింది. ఈ రెంటిలో దేన్ని గౌరవమనాలి?

"నేను కుట్టిన దానికి వచ్చింది నా పేరున ఉండవచ్చు" అన్నాను నెమ్మదిగా. "ఉన్నందుకు నన్నెవరూ శిక్షించరు."

"అంతేనమ్మా. ఖాతా ఇప్పుడే తెరవమంటారా, ఆలోచించుకుంటారా?"

"తెరవండి."

"మీ తరఫున ఖాతా చూసుకోవడానికి ఎవరినైనా పెడతారా? చాలామంది భర్తనో అన్ననో పెడతారు. పెట్టాలనేం లేదు."

అద్దం తలుపు అవతల మా ఆయన నా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా తీసుకుపోతారేమో అన్నంత జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నారు. జాలేసింది. అయినా "అక్కర్లేదు" అన్నాను.

తిరుగు దారిలో ఆయన నా కుర్చీ తోస్తూ నడిచారు. మలుపు దగ్గర వెనక నుంచి ఆయన గొంతు వచ్చింది. "కోపమొచ్చిందా?"

"లేదు."

"ఇంటి సంగతి నీకు తెలియనిదేముంది? అద్దె, అమ్మ మందులు... రేపు అవసరం పడితే ఇవ్వనంటావా ఏంటి?" అని నవ్వబోయారు.

న్యాయమైన ప్రశ్నే. ఇస్తానో లేదో నిజంగా నాకే తెలియదు. బహుశా ఇస్తాను. కానీ వెనక ఉండి తోసే మనిషి అప్పుడు ముందుకు రావాలి, నా ఎదుట కూర్చోవాలి, అడగాలి. నేను తేల్చుకునేదాకా ఊరుకోవాలి. అలా ఊరుకోవడం ఆయనకు చేతనవునో కాదో కూడా మేమిద్దరం ఇంకా చూడలేదు.

"అప్పుడు అడగండి" అన్నాను. "ఆలోచించి చెబుతాను."