స్వర్ణ నన్ను వేసుకున్న రోజు

నేను ఒక గంబూటును. ఎడమకాలిదాన్ని. మాది జంట పుట్టుకే అయినా కుడికాలిదానికి మొదటినుంచీ మాట తక్కువ. అందుకని ఈ కథ చెప్పే పని నామీద పడింది.

కేరళలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాం. చెట్టు కార్చిన పాలను గట్టిపరిచి, నల్లగా చేసి, ఇనప కాలి అచ్చుకు తొడిగి, ఆవిరిలో ఉడికించారు. మాలోకి దూరిన మొదటి కాలు ఆ ఇనపదే. దానికి చెమట పట్టదు, గోళ్ళు పెరగవు. ఆ తర్వాత మాకు దొరికిన ఏ కాలూ అంత మర్యాదగా లేదు.

భీమవరంలో వలలూ తాళ్ళూ అమ్మే కొట్లో పైకప్పుకి వేలాడుతుండగా నాగవేణి వచ్చింది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. "నీళ్ళు దూరవు కదండీ?" అని అడిగింది. "దూరితే తెచ్చి నా మొహాన కొట్టండమ్మా" అన్నాడు కొట్టాయన. రెండేళ్ళు చెరువు గట్లమీద తిరిగాం. ఆయన మొహం క్షేమంగానే ఉంది. లోకమంటే బురద, రొయ్యల మేత వాసన, నడినెత్తిన ఎండ, అంతే అనుకున్నాం.

ఒకనాడు వేణి మమ్మల్ని సబ్బుతో రుద్ది, ఎండబెట్టి, కవర్లో చుట్టి బ్యాగులో పెట్టింది. పక్కన నిలబడి చూస్తున్న షాహిన్‌కి నవ్వు ఆగలేదు.

"ఒసేయ్, హిమాలయాల్లో రొయ్యలు పడతావేంటే?"

"నీ షోకు బూట్లు నీవి, నా చెరువు బూట్లు నావి. కాళ్ళు తడవకపోతే చాలు నాకు" అంది వేణి.

షాహిన్ హైస్కూల్లో హిందీ టీచరు. కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురిలో ఒకతె. మూడో ఆవిడ స్వర్ణలత, బ్యాంకులో గుమాస్తా. స్వర్ణ మొదలుపెట్టని పని లేదు, పూర్తి చేసిన పనీ లేదు. ఈతకు వెళ్ళి నడుంలోతు నీళ్ళ దగ్గర ఆగిపోయింది. కారు నేర్చుకోబోయి రివర్సు గేరు దగ్గర ఆగిపోయింది. హార్మోనియం కొన్న నెలకే దానిమీద బట్టలు ఆరేసింది. ప్రతిసారీ ఏదో ఒక వంక దొరికేది. ఈ ప్రయాణానికి డబ్బు కట్టిన రోజే షాహిన్, "ఇది రైలు దిగకుండానే వెనక్కి వచ్చేస్తది చూడు" అందట. అందరూ నవ్వారట. స్వర్ణ కూడా నవ్విందట.

కులూ లోయలో ఒక చిన్న ఊరు. వసంతం అప్పుడే వచ్చింది. దేవదారు చెట్ల మధ్య ఎర్రటి పూలు గుత్తులు గుత్తులుగా విరగబూశాయి. పైన కొండమీద మాత్రం చలికాలం ఇంకా మూట కట్టుకోలేదు. కరిగిన మంచునీళ్ళు బాట పొడవునా బుడబుడమంటూ కిందికి పరుగెడుతున్నాయి. దారి చూపడానికి వచ్చిన డోలేరామ్ కాళ్ళకు కూడా గంబూట్లే! వేణి షాహిన్ వైపు చూసి కనుబొమ్మలెగరేసింది. నేను కుడిదాన్ని చిన్నగా తన్నాను.

మొదటి మంచు తొక్కిన క్షణం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఒక మలుపు తిరిగామో లేదో, నేల తెల్లబడింది. వేణి ఆగి, నన్ను మెల్లగా ముందుకు చాపింది. కరక్! అడుగున ఏదో మెత్తగా విరిగింది. మళ్ళీ కరక్! రెండేళ్ళు నన్ను చప్పరించిన బురద ఎక్కడ, ఇదెక్కడ! ముగ్గురూ చిన్నపిల్లలైపోయారు. ముద్దలు చేసి విసురుకున్నారు. ఒక ముద్ద డోలేరామ్ వీపుకి తగిలింది. ఆయన వెనక్కి తిరిగి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డ టీచరుగారిని చూసి, అంతకంటే పెద్ద ముద్ద తీశాడు.

టీ అమ్మే చిన్న డేరా దగ్గరికి వచ్చేసరికి స్వర్ణ కుంటుతోంది. ఆమె వేసుకున్నవి వాళ్ళమ్మాయి బూట్లు, ఏళ్ళ తరబడి అటకమీద పడున్నవి. చూస్తే ఎడమ బూటు అడుగు మడమ దగ్గర్నుంచి ఊడి, నాలుకలా వేలాడుతోంది. మేజోడు పిండితే నీళ్ళు కారాయి.

డోలేరామ్ ఆ కాలు చూసి తల అడ్డంగా ఊపాడు. ముందు మంచు కప్పిన ఏటవాలు ఉంది, దాన్ని అడ్డంగా దాటాలి, కింద వాగు, ఈ కాలితో కుదరదు, ఈమెను ఇక్కడే పొయ్యి దగ్గర కూర్చోబెడదాం అన్నాడు. షాహిన్ అది తెలుగులో చెప్పి, "పోన్లేవే, రెండు గంటల్లో వచ్చేస్తాం, టీ తాగుతూ ఉండు" అంది.

స్వర్ణ ఊడిన బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"ఏమైందే? కాలు నొప్పా?" అంది వేణి కంగారుగా.

"నొప్పి కాదే. రాత్రి దేవుణ్ణి ఒక్కటే అడిగాను. నాకు ఏ వంకా దొరక్కుండా చూడమన్నాను. చూడు, ఎంత మంచి వంక పంపించాడో. మీరు కూడా ఏమీ అనలేరు."

షాహిన్ తల దించుకుంది. వేణి బండమీద చతికిలబడి, రెండు చేతులతో పట్టుకుని నన్ను లాగేసింది.

"తొడుక్కో."

"మరి నీకో?"

"నీ చెప్పు చిరిగినప్పుడు హాస్టల్ నుంచి కాలేజీ దాకా ఎలా వెళ్ళాం? చెరొకటి వేసుకుని వెళ్లలేదూ? నోర్మూసుకుని తొడుక్కో."

షాహిన్ తన చున్నీ చింపింది. ఊడిన బూటును వేణి పాదానికి కట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టింది. నాలోకి కొత్త కాలు దిగింది. చల్లగా, వణుకుతూ. నా జంట వేణి కాలికే ఉండిపోయింది. పుట్టాక మేము విడివిడిగా నడవడం అదే మొదలు.

మంచువాలు తెల్లటి గోడలా ఒరిగి ఉంది. డోలేరామ్ ముందు వెళ్తూ చిన్న గొడ్డలితో మెట్లు చెక్కాడు. అతని వెనక షాహిన్, తర్వాత స్వర్ణ, చివర వేణి. కింద వాగు హోరు నా అడుగుదాకా అదురుతోంది. సగం దాటాక స్వర్ణ ఎడమకాలు మెట్టుమీద పెట్టింది. మెట్టు కూలింది. మోకాలిదాకా దిగిపోయాను. చుట్టూ మంచు బిగుసుకుంది. ఆమె లాగింది, నేను కదల్లేదు. ఇంకోసారి లాగింది, కాలు నాలోంచి జారి పైకి వస్తోంది గానీ నేను రావడం లేదు. అయిపోయింది, ఈ కొండలో నా సమాధి అనుకున్నాను.

"కాలు తీసెయ్యవే! బూటు పోతే పోనీ!" వేణి వెనకనుంచి అరిచింది. "మెల్లగా వెనక్కి తిరుగు, వెళ్ళిపోదాం!"

స్వర్ణ ఒక్క క్షణం వెనక్కి చూసింది. దాటివచ్చిన దారి, పొగ లేస్తున్న టీ డేరా. తర్వాత వాలుకి మోకాలు ఆనించి వంగింది.

"వెనక్కి లేదు. ఉండు, తవ్వుతున్నాను."

తడిసి ముద్దయిన ఉన్ని చేతితొడుగులతోనే తవ్వింది. ఆమె వేళ్ళు నా మడమ చుట్టూ తడుముతుంటే, మనుషుల చేతులు ఇంత వేడిగా ఉంటాయా అనిపించింది. డోలేరామ్ వెనక్కి వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నా కింద మంచు వదిలింది. ఫ్లప్పుమని బయటపడ్డాను! ఆ తర్వాత స్వర్ణ ఎక్కడా ఆగలేదు. వాలు దాటింది, గుట్ట ఎక్కింది, ఆఖరి ఎత్తు దాదాపు పాకింది. పైన మైదానంలోకి మొట్టమొదట అడుగుపెట్టింది ఆమె; ఆ అడుగు నేను.

చుట్టూ ఎటు చూసినా తెల్లటి కొండలు, నీలం ఆకాశం. షాహిన్ గట్టిగా కేకపెట్టింది. అవతలి కొండ తిరిగి కేకేసింది. "సారీనే స్వర్ణా, నేనన్న మాటకి" అంది ఊపిరి తీసుకుంటూ. స్వర్ణ వినిపించుకోలేదు. వేణి మంచుమీద కూలబడి, "వేళ్ళు తెలియట్లేదే" అంటోంది. స్వర్ణ గబగబా కవరూ చున్నీ విప్పింది. నీలంగా మారిన ఆ పాదాన్ని తన స్వెట్టరు లోపలికి తోసి పొట్టకి ఆనించుకుంది.

"అమ్మో, చచ్చాను! ఐసుముక్కే ఇది!" అని అరిచింది గానీ వదల్లేదు. వేణి కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు. వేళ్ళలో చుర్రుమని ప్రాణం వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

దిగేటప్పుడు డోలేరామ్ వేరే దారిన, వాగుకి దూరంగా తీసుకువచ్చాడు. అతను తెచ్చిన ప్లాస్టిక్ పట్టాలమీద కూర్చుని మంచులో జారారు. ముగ్గురి కేకలకు చెట్లమీద మంచు రాలింది. కింద ఒక రాయి నన్ను చీలమండ దగ్గర అడ్డంగా కోసింది. నొప్పా? అప్పుడు నాకు అది గుర్తుకురానంత హుషారు.

చీలిన బూటు చెరువుకి పనికిరాదు. అయినా వేణి నన్ను చాలాకాలం పారేయలేదు. వాళ్ళు ముగ్గురూ ప్రతి వసంతానికీ ఏదో ఒక కొండ ఎక్కుతూనే ఉన్నారు, మంచి బూట్లతో. ఇల్లు మారినప్పుడు మాత్రం మేమిద్దరం పాత సామాన్ల బండెక్కాం. ఇప్పుడు భీమవరం శివారులో ఒక గుట్టలో ఉన్నాం. పక్కన సైకిలు ట్యూబులు, పగిలిన బకెట్లు, తెగిన హవాయి చెప్పులు. ఎండకి అందరం మెత్తబడిపోతున్నాం. పొద్దుపోక మంచు సంగతి చెప్పాను. బకెట్టు నమ్మలేదు. ట్యూబు ఆవులించింది. కాలవగట్టు దాటి ఎరగని ఒక చెప్పు మాత్రం దగ్గరికి జరిగింది.

"తొక్కితే ఎలా ఉంటుంది?" అంది.

"కరక్" అన్నాను.

అది నాకు ఆనుకుని, "మళ్ళీ చెప్పు" అంది.