తెరేసమ్మ మీద పడిన నింద

గుణదల కొండకి వెళ్ళే దారిలో, రెండో సందు మొదట్లో ఉంది జోజి టీవీ రిపేరు షాపు. షాపంటే ఇంటి ముందుగదే. జోజి వెన్నెముక అడుగున చీలికతో పుట్టాడు. చిన్నప్పుడు కాళ్ళకు ఇనప పట్టీలు బిగించుకుని నడిచేవాడు. నలభై దాటాక అదీ కుదరక చక్రాల కుర్చీలోకి మారాడు. ఇప్పుడతనికి యాభై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. తల్లి తెరేసమ్మ పోయి పదిహేనేళ్ళయింది. ఇంట్లో మిగిలింది అతనూ, ఎనభై రెండేళ్ళ తండ్రి మరియదాసూ.

మరియదాసు మిలటరీలో గుమస్తాగా చేసి, ఆ తరవాత బెజవాడ రైల్వే ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. నాలుగేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. కాఫీ గ్లాసు సగానికి పోస్తేనే ఒలకకుండా తాగగలడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తండ్రీ కొడుకులిద్దరూ టీవీలో పాత కామెడీలు చూస్తారు. అది ఆ ఇంట్లో చాలా పాత అలవాటు. బెజవాడకి దూరదర్శన్ వచ్చిన కొత్తలో వారం వారం హిందీ నవ్వుల సీరియళ్ళు వచ్చేవి. మరియదాసుకి మిలటరీలో హిందీ పట్టుబడింది. ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే భార్యా కొడుకూ వినేవాళ్ళు, పక్కింటివాళ్ళు గుమ్మంలో కూర్చునేవాళ్ళు. తెరేసమ్మ బొమ్మని చూసి కాదు, మొగుడు చెప్పే తీరుకి నవ్వేది.

పోయినేడాది జోజి తన ఫోనుని టీవీకి తగిలించి అమెరికావాళ్ళ నలుపు తెలుపు కామెడీలు వెతికి పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు అలాంటిదొకటి చూస్తూ మరియదాసు, ఇది నేను సైగాన్‌లో చూశాను అన్నాడు.

జోజి ఆశ్చర్యపోయాడు. తండ్రి మిలటరీలో ఉండగా వియత్నాం వెళ్ళాడని తెలుసు గాని, ఆ సంగతి ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అక్కడ అమెరికావాళ్ళ యుద్ధం జరుగుతున్న రోజులవి. శాంతి ఒప్పందం ఎలా నడుస్తోందో చూసే సంఘంలో మన దేశం కూడా ఉండేది. అందులో గుమస్తాగా అరవై ఏడులో వెళ్ళి, రెండేళ్ళ పైచిలుకు ఉన్నాడు మరియదాసు. బస చేసిన ఇంట్లో ఒక టీవీ ఉండేది. సాయంత్రం అయ్యేసరికి అమెరికా మిలటరీ స్టేషన్‌లో ఈ కామెడీలే వచ్చేవట. తెర వెనక కనిపించని జనం నవ్వుతుంటే, ఇంగ్లీషు సరిగా రాని తను ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాణ్ణని చెప్పాడు. అలా నవ్వీ నవ్వీ ఇంగ్లీషు వచ్చిందట.

ఆ కబుర్లు జోజికి ఎంతో నచ్చాయి. రోజూ అడిగేవాడు. మరియదాసు అక్కడ బస ఇచ్చిన ఇంటావిడ గురించి, ఆవిడ పెట్టే సేమ్యా చారు గురించి, అక్కడి వానల గురించి చెప్పేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఈ వానాకాలంలో జోజి పాదాలు వాచాయి. తిండి సహించడం మానేసింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రికి తీసుకెళితే పరీక్షలు చేసి, రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఇలా పుట్టినవాళ్ళకి మూత్రం నిలవుండిపోయి ఏళ్ళ తరబడి లోపల దెబ్బతింటుందట. వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదంది డాక్టరు క్రిస్టినా. ముప్పై దాటని పిల్ల, ఓపికగా అన్నీ అడిగి రాసుకుంది. కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా అంది. తరవాత మరియదాసు చేతుల వంక చూసింది.

"తాతగారూ, మీరెప్పుడైనా కెమికల్స్ దగ్గర పని చేశారా? ఫ్యాక్టరీలో గాని, పొలం మందులు గాని?"

"లేదమ్మా. నాది గుమస్తా పని," అన్నాడు మరియదాసు.

 ఇంటికొస్తూ ఆటో రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు జోజి అన్నాడు, అమ్మ గ్రహణం సంగతి ఆ డాక్టరమ్మకి చెబుదామనుకుని ఊరుకున్నాను, చదువుకున్న పిల్ల, నవ్వుతుందని.

ఆ సంగతి ఆ వీధిలో పాతవాళ్ళందరికీ తెలుసు. తెరేసమ్మ కడుపుతో ఉండగా చంద్రగ్రహణం పట్టింది. కదలకుండా వెల్లకిలా పడుకోమని అత్తగారు చెప్పింది. నెలలు నిండుతున్న మనిషి, అర్ధరాత్రి ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళొచ్చింది. పిల్లవాడు నడుం దగ్గర తెరుచుకున్న పుండుతో పుట్టగానే అత్తగారు ఆ మాటెత్తింది, చచ్చేదాకా దించలేదు. చర్చిలో సత్ప్రసాదం తీసుకునేవాళ్ళే గాని గ్రహణం దగ్గరికొస్తే ఆ ఇంట్లో అందరూ నమ్మారు. తెరేసమ్మ అందరికంటే ఎక్కువ నమ్మింది. ప్రతి ఫిబ్రవరిలో మరియమాత తిరునాళ్ళకి కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేది. చీర చిరిగి మోకాళ్ళు చీరుకుపోయేవి. మరియదాసు పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నడిచేవాడు.

మూడు రోజులు మరియదాసు సరిగా అన్నం తినలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం జోజి మామూలుగా కామెడీ పెట్టాడు. తెర మీద మొగుడు పెళ్ళాం దగ్గర ఏదో దాచబోయి ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం ఆడుతున్నాడు. జనం పడీ పడీ నవ్వుతున్నారు. మరియదాసు ఆపెయ్యమన్నాడు. తలనొప్పా అని అడిగాడు జోజి. కాదు, నీకో మాట చెప్పాలి అన్నాడు తండ్రి.

సైగాన్‌కి వెళ్ళిన రెండో ఏడు తమ జట్టుని ఊరికి దూరంగా ఒక మిలటరీ స్థావరం పక్కన ఉంచారట. ఐదు నెలలున్నారక్కడ. విమానాలు వచ్చి అడవి మీద మందు చల్లి పోయేవి. నిండు వానాకాలంలో చెట్లన్నీ ఆకు రాలి మోడులై నిలబడేవి. శత్రువు దాక్కోకుండా చేస్తున్నారని చెప్పారు, మనుషులకేం కాదని కూడా చెప్పారు. ఆ మందు వచ్చిన ఇనప పీపాలు ఖాళీవి కుప్పలుగా పడుండేవి. నారింజ రంగు పట్టీ ఉండేది వాటికి. వాటిలో నాలుగు తెచ్చుకుని, కడిగి, వాన నీళ్ళు పట్టుకున్నారు. ఐదు నెలలూ ఆ నీళ్ళతోనే స్నానాలు, ఆ నీళ్ళతోనే బట్టలుతుక్కోవడం. ఒంటిమీద పొక్కులొచ్చాయి. తగ్గిపోయాయి. డెబ్భైలో వచ్చి పెళ్ళి చేసుకున్నాడు.

"అదేంటో నాకప్పుడు తెలీదురా. రీడింగ్ రూములో పేపర్లో చూశాను తరవాత. అక్కడ పనిచేసిన అమెరికా సోల్జర్లు కేసు వేశారంట. వాళ్ళ పిల్లల్లో కొంతమంది నీలాగే పుట్టారని రాశాడు. నడుం దగ్గర చీలికతో."

జోజి ఫోను బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు చూశావు అది?"

"ఎనభై నాలుగులో."

"అమ్మకి చెప్పావా?"

మరియదాసు లేదన్నట్టు తలూపాడు. వణుకుతున్న చేతుల్ని తొడల కింద పెట్టుకున్నాడు.

"అమ్మ పోయింది రెండువేల తొమ్మిదిలో," అన్నాడు జోజి. "నీకు తెలిసాక కూడా ఇరవై ఏళ్ళ పైనే మోకాళ్ళ మీద ఎక్కింది నాన్నా. నువ్వు పక్కనే నడిచావు."

మరియదాసు ఏడ్చాడు. ఆ రోజు చెబుదామనే ఇంటికొచ్చానన్నాడు. అప్పుడు తెరేసమ్మ నీ కాళ్ళకు పట్టీలు బిగిస్తోంది, రేపు చెబుదామనుకున్నాను అన్నాడు. తరవాత తన తల్లి బతికున్నన్నాళ్ళూ ఆగుదామనుకున్నాడు. ఆవిడ పోయాక, ఇన్నేళ్ళ తరవాత ఎందుకులే అనిపించింది. చివరికి అసలు మాట బయటికొచ్చింది.

"తప్పు నా మీద లేదని అందరూ అనుకుంటుంటే లోపల హాయిగా ఉండేదిరా."

ఆ మాటకి జోజి కుర్చీ తిప్పుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. వారం రోజులు తండ్రితో అవసరానికి తప్ప మాట్లాడలేదు. టీవీ పెట్టలేదు. డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు మాత్రం, నాకు చెప్పిందంతా డాక్టరమ్మకి చెప్పు అన్నాడు.

క్రిస్టినా అంతా విని రాసుకుంది. అయ్యుండొచ్చు, కాకపోనూ వచ్చు అంది. తండ్రి ఒంట్లోకి పోయిన విషం పిల్లలకి ఎంతవరకు వస్తుందో ఇంకా తేలలేదనీ, అమెరికాలో ఆ సోల్జర్ల పిల్లలకి మాత్రం ఈ జబ్బుకి ప్రభుత్వమే సాయం చేస్తుందనీ చెప్పింది. యాభై ఏళ్ళ తరవాత ఏ పరీక్షలోనూ దీన్ని రుజువు చెయ్యలేమంది. ఆయన వణుకుడు జబ్బు కూడా అందువల్లే కావచ్చంది. గ్రహణం వల్ల ఇలా జరుగుతుందా అని జోజి అడిగాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. కాదండీ, మీ అమ్మగారి వల్ల కానే కాదు అంది. జోజి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మిషను తిరుగుతున్నంతసేపూ అలాగే ఉన్నాడు.

ఆ వేళే నిర్ణయించుకున్నాడేమో, ఇంటికి రాగానే తండ్రితో అన్నాడు, పిన్నికి చెప్పాలి అని. పిన్ని అంటే తెరేసమ్మ చెల్లెలు ఎలిజబెత్. ఉయ్యూరులో ఉంటుంది. ఆ నింద మొదటినుంచీ విన్న అయినవాళ్ళలో బతికున్నది ఇక ఆవిడే. ఏటా నవంబరు రెండున సమాధుల పండుగకి అక్క సమాధి దగ్గరికి వస్తుంది.

ఆ రోజు పొద్దున్నే సమాధుల తోట జనంతో నిండిపోయింది. ఎలిజబెత్ అక్క సమాధి మీద గడ్డి పీకి, నీళ్ళతో కడిగి, బంతిపూలు పరిచింది. జోజి కుర్చీలోంచే కొవ్వొత్తులు వెలిగించాడు. ఫాదర్‌గారు నీళ్ళు చల్లి వెళ్ళాక, మరియదాసు మరదల్ని పిలిచి, నిలబడే అంతా చెప్పాడు. పీపాలూ, పేపరూ, అప్పటినుంచి ఇప్పటిదాకా నోరు విప్పకపోవడం.

ఎలిజబెత్ చేతుల మట్టి కొంగుకి తుడుచుకుంది. సమాధి మీది పేరు వంక చూస్తూ అడిగింది.

"ఎనభై ఆరులో నా కాన్పుకని అక్క పదిరోజులు మా ఇంటికొచ్చింది, గుర్తుందాండీ బావగారూ?"

గుర్తుందన్నాడు మరియదాసు. చిక్కిపోయి తిరిగొచ్చింది, మలేరియా అని చెప్పింది.

"మలేరియా కాదు. మూడో నెల అక్కకి. నా కడుపున పుట్టేదల్లా ఇట్టాగే పుడుతుందే అని ఏడ్చింది. నేనే గుడివాడ తీసికెళ్ళి తీయించాను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కొండ మెట్లు ఎక్కింది గ్రహణానికి ఒక్కదానికే కాదండీ. ఎక్కువ దానికే."

మరియదాసు సమాధి అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. తెరేసమ్మ ఆ ఏడాది నుంచి చర్చిలో, పాపం చేసినవాళ్ళు తీసుకోకూడదనే దివ్యసత్ప్రసాదం కోసం వరసలో ఎందుకు నిలబడేది కాదో, అడిగితే ఎందుకు ఏదో ఒకటి చెప్పేదో ఇప్పుడు అర్థమైంది.

"తెలిసుంటే ఆ పని చేసేది కాదని నేననను," అంది ఎలిజబెత్. "మీ వల్లైనా భయం భయమేగా. కానీ ఒక్కతే మోసేది కాదు."

 జోజి తనకో తమ్ముడో చెల్లెలో అయ్యే మనిషి గురించి అప్పుడే విన్నాడు. ఇంకా వెలిగించని కొవ్వొత్తి ఒకటి ఒళ్ళో ఉంది. దాన్ని చేత్తో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు.

వెళ్ళేముందు ఎలిజబెత్ బావగారిని ఒకటే అడిగింది. తన కూతుళ్ళని, మనవరాళ్ళని కడుపుతో ఉన్నప్పుడల్లా గ్రహణానికి అత్తింట్లో గదిలో పెట్టి తాళం వేసేవాళ్ళట. పెద్దమ్మలా చేస్తారా అని అత్తింటివాళ్ళు బెదిరించేవాళ్ళట. మా ఇంటికొచ్చి వాళ్ళందరి ముందూ ఈ మాట చెప్పండి, నేను చెబితే నమ్మరు అంది. మరియదాసు ఒప్పుకున్నాడు.

తరవాతి ఆదివారం ఒక్కడే బస్సెక్కి ఉయ్యూరులో మరదలింటికి వెళ్ళాడు. ఎలిజబెత్ పెద్దకూతురు ఏంజెల్, ఆమె మొగుడు, ఇద్దరు పిల్లలు వరండాలో కుర్చీలు వేసుకుని విన్నారు.  ఏంజెల్ మొగుడు, ఇదంతా ఎప్పటి సంగతో కదండీ, ఇప్పుడెందుకు అన్నాడు. ఏంజెల్ మాత్రం లేచి లోపలికెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. బయల్దేరేటప్పుడు వచ్చి, పెద్దమ్మ తన చేతికి గోరింటాకు పెట్టబోతే ఒకసారి అత్తగారు వద్దందని, తనూ చెయ్యి వెనక్కి తీసుకుందని చెప్పింది. అప్పుడు తనకి ఐదో నెల అంది.

మరియదాసు ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. జోజి అన్నం తినేసి, గిన్నెలో తండ్రికి మూతపెట్టి ఉంచాడు. ముందు బల్ల మీద ఎవరిదో సెట్‌టాప్ బాక్సు విప్పి పెట్టుకుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అందరికీ చెప్పావా?"

"చెప్పాను."

"ఏంజెల్ అత్తగారికి?"

"ఆవిడ రాలేదు. కూతురి దగ్గరికి పామర్రు వెళ్ళిందంట."

"అయితే మళ్ళీ వెళ్ళు," అన్నాడు జోజి.

వెళ్తానన్నాడు మరియదాసు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, గిన్నె మీద మూత తీసి, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.