ఆర్విల్ అమ్మిన రైఫిలు

మా లోయలో అక్టోబరులో ఎవరూ రైఫిలు అమ్మరు. జింకల వేట మొదలయ్యేది ఆ నెలాఖరునే మరి. అలాంటిది ఆర్విల్ ట్వెట్ దాణా కొట్టులో నా పక్కకొచ్చి, "నా లీవరు రైఫిలు నీకు కావాలా?" అన్నాడు. ఎందుకు అమ్ముతున్నారని అడగాల్సింది పోయి ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆర్విల్ నాకు స్నేహితుడేం కాదు. పశువుల వేలం దగ్గర ఎదురుపడితే టోపీ అంచు తాకి పలకరించుకునే పాటి పరిచయం. డెబ్బై దాటిన మనిషి. వసంతంలో భార్య మార్లిస్ పోయింది. ఆ తర్వాత ఆవుల మందను అమ్మేశాడు. మిగతా తుపాకులు మేనల్లుళ్లకు పంచేశాడు. ఈ రైఫిలు మీద మాత్రం లోయలో చాలామందికి కన్నుంది, అందరికంటే ముందు నాకు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఎప్పుడూ గుమ్మంలోనే అడ్డంగా పడుకునే కుక్క కనిపించలేదు.

"బస్టర్ ఏదండీ?"

"పక్క పశువుల క్షేత్రం వాళ్లకిచ్చేశాను. ముసలాడితో దానికేం కాలక్షేపం?"

లీవరు కిందికి లాగి, లోపల తూటా లేదని చూపించి రైఫిలు నా చేతికిచ్చాడు. అది మా మర్యాద. ఏళ్ల తరబడి అరచేయి రాసుకుని పిడి చెక్క నల్లబడింది. ఆయన అడిగిన ధర వింటే బేరమాడటానికే సిగ్గేసింది.

"ఇంకొంచెం అడగొచ్చు కదండీ," అన్నాను.

"కొనడానికొచ్చావా, నాకు వ్యాపారం నేర్పడానికొచ్చావా? తీసుకెళ్లు. ఇవాళే తీసుకెళ్లు. ఇంట్లో ఉంచుకోను."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. నా కళ్లన్నీ రైఫిలు మీదే ఉన్నాయి.

మా దగ్గర ఇంకో మర్యాద ఉంది. రైఫిలు అమ్మినవాడికి ఆ ఏడు వేట మొదటి రోజున దాన్ని మళ్లీ అరువిస్తాం. ఆ రైఫిలుతో అతని ఆఖరి వేట అన్నమాట. కొన్నవాడే నోరు తెరిచి పిలవాలి. పిలవకపోతే పిసినారి అని పదేళ్లు చెప్పుకుంటారు. అందుకని గుమ్మం దాటుతూ పెద్దమనిషిలా పిలిచాను.

"శనివారం పొద్దున్నే మా ఇంటికి రండి. ఆఖరి వేట మీదే."

ఆర్విల్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "వద్దులే," అన్నాడు.

"భలేవారే. నన్ను ఊళ్లో తలెత్తుకోనివ్వరా?"

"సరే, వస్తాను." రైఫిలుతో పాటు నాకిచ్చిన తూటాల పెట్టె తెరిచి, ఒక్కటి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇదొక్కటి చాలు."

"గురి మీద అంత నమ్మకమా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

శుక్రవారం వేట పర్మిట్టు కోసం దాణా కొట్టుకు వెళ్లాను. కొట్టు నడిపే లీలండ్ కాగితం చింపిస్తూ, "మీ ఆర్విల్ ఈసారి పర్మిట్టు తీసుకోలేదేం?" అన్నాడు. "ఏటా మొట్టమొదటిది ఆయనదే. అడిగితే, వేటకు పోనన్నాడు."

పర్మిట్టు లేకుండా కుందేలు మీద కూడా తుపాకీ ఎత్తని మనిషి ఆయన. దారిలో బండి పక్కకు ఆపేశాను. బోర్లించిన గిన్నెలు, ఇచ్చేసిన కుక్క, జేబులోని ఆ ఒక్క తూటా.

ఇంటికొచ్చి మా ఆవిడ ఆర్లీన్‌కు చెప్పాను.

"వెళ్లి అడుగు," అంది.

"ఏమని? చచ్చిపోదామనుకుంటున్నారా అనా?"

"అవును, అలాగే."

"మగాణ్ణి పట్టుకుని అలా అడుగుతారా ఎవరైనా? అది కాకపోతే?"

"కాకపోతే నవ్వుతాడు."

నేను వెళ్లలేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ధైర్యమూ లేకపోయింది. షెడ్డులోకి పోయి రైఫిలు విప్పి, తూటా వెనక కొట్టి పేల్చే చిన్న పిన్ను తీసేసి, మళ్లీ బిగించాను. ఆర్లీన్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"తుపాకీ విప్పడం వచ్చు గానీ నోరు విప్పడం చేతకాదు నీకు."

శనివారం తెల్లవారుతుండగా వచ్చాడు ఆర్విల్. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"తోడు రానా?"

"ఆఖరి వేటకు తోడేమిటి అబ్బాయ్," అని రైఫిలు అందుకుని మంచులో కొండవైపు నడిచాడు.

ఆ రోజు నేను వేటకు పోలేదు. కిటికీ దగ్గరే కూర్చున్నాను. కొండల్లో ఎవరెవరివో తుపాకులు పేలుతుంటే, అవి ఈ రైఫిలువి కావని తెలిసి కూడా ఉలిక్కిపడుతూనే ఉన్నాను. కొండకు లోతైన అంచులున్నాయి, కింద ఏరుంది. నా పిన్ను వాటిని ఆపలేదు. అంత భయం జన్మలో ఎరగను.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. బల్ల దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ లీవరు లాగి, ఖాళీ అని చూపించి రైఫిలు పెట్టాడు. జేబులోంచి తూటా తీసి దాని పక్కన నిలబెట్టాడు.

"నీ రైఫిలు పేలడం లేదు," అన్నాడు.

నేను జేబులోంచి పిన్ను తీసి తూటా పక్కన పెట్టాను. ఆయన దానికేసి చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఇంట్లో ఉంటే ఏం చేసుకుంటానోనని భయమేసే కదయ్యా నీకమ్మింది. వద్దన్నా మళ్లీ నా చేతిలో పెట్టావు."

ఆర్లీన్ ఇంకో పళ్లెం పెట్టి కూర వడ్డించింది. ఆర్విల్ కోటు విప్పకుండానే కూర్చున్నాడు, వెళ్లిపోయేవాడిలా.

అప్పటికి అడిగాను. "రేపటికి కూడా భయమేస్తోందా?"

చెంచా కింద పెట్టాడు. "వేస్తోంది."

"అయితే ఇవాళ ఇంటికి వెళ్లొద్దు."

ఆయన కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. చలికి వేళ్లు కొయ్యబారి మొదటిది ఎంతకీ రాలేదు. నేను లేచి వెళ్లి విప్పాను.