తేటకుండ నీళ్లు

నిరోష భయమల్లా ఒకటే. తను చూడని గడియలో, దూపకు ఆగలేక, తన బిడ్డ వర్షిత బోరు నీళ్లు తాగేస్తుందని. ఊళ్లో మిగతా తల్లులు పాముకో పురుగుకో జడుసుకుంటే, ఆమె ఒక గ్లాసు నీళ్లకు జడుసుకునేది. పిల్లకు నాలుగేళ్లు. గడప దాటి కనబడకపోతే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి పెరట్లోకి ఉరికేది.

పెరట్లో కుండ ఉండేది. అందులో బోరు నీళ్లు, అంట్లకూ స్నానాలకూ. కుండ మెడకు ఎర్ర గుడ్డ కట్టి ఉండేది. తాగడానికి లోపల స్టీలు బిందెలో నల్లా నీళ్లు. అవి రెండ్రోజులకోసారి వచ్చేవి. "ఎర్రగుడ్డ కుండ ముట్టద్దు బిడ్డా" అన్నది వర్షిత నేర్చిన మొదటి పాఠం. అఆలు ఆ తర్వాత వచ్చాయి.

చౌటుప్పల్ దాటాక హైవే దిగి లోపలికి నడిస్తే వాళ్ల ఊరు మోదుగుబాయి. ఊరికి ఎగువన మందుల కంపెనీ. ఏడేళ్ల కింద ఒక వానాకాలం, కంపెనీ మురుగు నిలవ చేసే గుంట అడుగు చిరిగి, ఆ మందు నీళ్లు రాతి పగుళ్లలోకి దిగాయి. బోర్లలో నీళ్లు ఎర్రగా, ముక్కు పుటాలు మండే వాసనతో వచ్చాయి. చూడి బర్రెలు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. ఊరు రోడ్డెక్కింది, లాఠీ దెబ్బలు తింది, మళ్లీ ఎక్కింది. చివరికి ఆర్డరు వచ్చింది: చెడగొట్టినవాడే కడగాలి.

కంపెనీ ఊరి దిగువన మూడు బోర్లు వేసి చెడ్డ నీళ్లను తోడడం మొదలుపెట్టింది. తోడిన నీళ్లను ఇనుప టవరు పైనుంచి సన్నగా జారవిడిచి, కిందినుంచి గాలి కొట్టేవారు. ఆ పైన బొగ్గు నింపిన పీపాల గుండా పంపి వాగులో వదిలేవారు. ఊరు దానికి 'కడిగే మిషను' అని పేరు పెట్టుకుంది. నడిపేది గాలయ్య. యాభై దాటిన మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. నిరోషకు వరసకు మామ. టవరు కింద నాలుగేళ్లుగా ఆ గాలి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. అయినా ఒక్కరోజు మోటరు ఆపలేదు.

ఓ గురువారం పొద్దున ఆ గాలయ్యే మిషను గేటు మీద అంటించిన కాగితాన్ని చింపుకొని నిరోష ఇంటికి వచ్చాడు.

"కోడలా, ఇంటర్ దాక చదివినవు. గీ కాయితం జర సదువు."

ఇంటర్ మొదటి ఏడాది సగంలో పెళ్లయింది నిరోషకు. అయినా ఊళ్లో కాగితాలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. చదివింది. ఐదిళ్ల బోరు నీళ్లు పరీక్షించారట. ఐదూ బాగున్నాయట. భూగర్భ జలం శుభ్రపడింది కనుక సోమవారం మిషను ఆపి, విప్పి, తీసుకుపోతారట. కింద ఐదిళ్ల పేర్లు. మూడో పేరు ఆమెదే.

ఆ పేరు మీద వేలు పెట్టి ఆమె ఇంకోసారి చదివింది.

పోయిన నెల సంగతి ఆమె కళ్లముందు కదిలింది. నీళ్లు పరీక్ష చేసే సర్కారు ఆఫీసు నుంచి జీపు వచ్చింది. మిట్ట మధ్యాహ్నం. కరెంటు లేదు, ఇంటి బోరు మోటరు నడవదు. సారు జీపులో కూర్చునే, "బోరు నీళ్లు ఉంటే సీసాలో పోసివ్వమ్మా, ఇంకా నాలుగూళ్లు తిరగాలి" అన్నాడు. పెరట్లో కుండ ఉంది. ముందురోజు పొద్దుటే అత్తమ్మ హనుమమ్మ నీళ్లను తేర్చే చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి, మూత పెట్టకుండా వదిలింది. ఎరుపంతా అడుక్కు దిగి పైన తేట కట్టింది. ఆ ఊళ్లో ఆడవాళ్లంతా అంతే చేస్తారు. ఇంటికి వచ్చిన మనిషికి ఎర్ర నీళ్లు ఎట్లా ఇస్తాం? నిరోష పై తేటను చెంబుతో ముంచి, తెల్ల గుడ్డతో వడగట్టి సీసాలో పోసింది. సారు ఇచ్చిన కాగితంలో 'బోరు నుంచి తీసిన నీరు' అని రాసి ఉన్నచోట సంతకం కూడా పెట్టింది. మంచి పనే చేశాననుకుంది.

కాగితం చదివిన ఆ గురువారం రాత్రి మొగుడు సతీశ్‌కు చెప్పింది. సతీశ్ ఆ కంపెనీలోనే కాంట్రాక్టు కూలి.

"నోర్మూస్కో," అన్నాడతను, గొంతు తగ్గించి. "తప్పు సంతకం వెట్టినవని నీ మీద కేస్ వెడ్తరు. రేపే నా గేట్ పాస్ గుంజుకుంటరు. ఏం దిని బతుకుతం?"

"మిషను వోతె నీళ్లు మల్ల..."

"నీళ్లు తర్వాత సంగతి."

నిజం చెబితే మొగుడి పని పోతుంది. చెప్పకపోతే మిషను పోతుంది. ఆమె రెండిటి నడుమా కూర్చుని, నిద్రపోతున్న పిల్ల పెదాలనే చూసింది. పిల్ల చెమట తుడిచి మళ్లీ చూసింది.

శుక్రవారం కంపెనీవాళ్లు సున్నం బకెట్లతో వచ్చారు. కాగితం ప్రకారం నీళ్లు మంచివైపోయాయి కదా! చేతిపంపుల మీద, బోర్ల దిమ్మెల మీద ఏడేళ్ల కింద వేసిన ఎర్ర గుర్తులన్నిటిమీదా తెల్లగా పూసిపోయారు. అంగన్‌వాడీ పక్కన చేతిపంపు మీద గుర్తు కూడా.

మధ్యాహ్నానికి వర్షిత వాంతులు చేసుకుంటూ ఇంటికి వచ్చింది.

"ఏం దిన్నవే? ఏం దాగినవే?"

"పంపు నీళ్లు తాగిన. ఎర్ర గుర్తు లేదు గదా అమ్మా!"

చౌటుప్పల్ దవాఖానలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి పిల్ల తేరుకుంది, బిస్కెట్ అడిగింది. నిరోష మాత్రం తేరుకోలేదు. పిల్ల ఆమె మాట తప్పలేదు. ఆమె చెప్పిన గుర్తు కోసం చూసింది, గుర్తు లేదు, తాగింది. ఆ గుర్తును చెరిపింది సున్నం బకెట్టు. బకెట్టును తెచ్చింది కాగితం. కాగితాన్ని పుట్టించింది తన సంతకం.

మర్నాడు పొద్దున్నే మిషను దగ్గరికి పోయింది. గాలయ్య బొగ్గు పీపా మూత బిగిస్తున్నాడు.

"మామా, నీళ్లు కుండల తేరినంక మందు పోతదా?"

గాలయ్య దగ్గుతెర ఆగేదాకా ఆగి, టవరు వైపు చెయ్యెత్తాడు. "గీ టవరు జేసేదేంది? నీళ్లను సన్నగ జార్చి గాలి కొడ్తది. మందు గాలిల కలిసిపోతది. నువ్వు కుండకు మూత వెట్టకుంట ఒక దినం ఇడిస్తె సగం పని ఆడ్నే అయితది. గా నీళ్లు సీసల వోస్తె మందు ఏడ దొరుకుతది?" అని, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "నువ్వు తేటకుండల నుంచి వోసినవా కోడలా?"

ఆమె తల ఊపింది.

"కొంత మిషను కడిగిన మాట నిజమే," అన్నాడు గాలయ్య. "కని రాళ్ల పగుళ్లల ఇంకా కూసోని ఉన్నది మందు. మోటరు నడిచినన్ని దినాలు అది తన దిక్కుకు గుంజుకస్తాంది. బంద్ జేసినమంటె మెల్లగ ఊరి బోర్లన్నిట్ల ఊరుతది. కింది ఊర్లకు గూడ పోతది. ఆర్నెల్లు సాలు."

ఆదివారం గ్రామపంచాయతీ ముందు మీటింగు. కంపెనీ మేనేజరు ప్రేమ్‌సాగర్ ఇస్త్రీ చొక్కాతో, నీళ్ల బాటిల్‌తో వచ్చాడు. ఆ బాటిల్‌ను ఊరంతా చూసింది.

"ఐదిళ్ల నీళ్లూ పాసయ్యాయి. ఇది మీ అందరి విజయం," అన్నాడతను. "ఇంకా ఏమైనా మిగిలి ఉంటే భూమే తనను తాను శుభ్రం చేసుకుంటుంది."

హనుమమ్మ కూర్చున్న చోటు నుంచే అడిగింది. "ఎన్నేండ్లకు కడుక్కుంటది సారూ?"

"కొంత కాలం పడుతుందమ్మా."

"కొంత కాలమంటె?"

"ఇరవై... ముప్పై ఏళ్లు..."

"అయితె గా బాటిల్ వక్కన వెట్టి, ముప్పై ఏండ్లు మాతోటి మా నీళ్లే తాగు. ఇద్దరం గలిసి సూద్దాం."

జనం నవ్వారు. ప్లాట్ల బేరం చేసే పరశురాములు లేచాడు. "మీకు నవ్వులాటయింది. మిషను ఉన్నన్ని దినాలు ఇది ఖరాబు ఊరే. జాగా ఒక్కడు గొంటలేడు. బాగైందని కాయితమొచ్చింది, దండం వెట్టి తీస్కోన్రి!"

"అమ్ముకోని నువ్వు హైదరాబాద్ వోతవు, నీళ్లు మాకు మిగుల్తయి," అన్నదెవరో.

"జాగా ఉన్నోనికి కాయితం, లేనోనికి నీళ్లు!"

గోల పెరిగింది. ఆ గోలలో నిరోష లేచింది. మొదట ఎవరూ చూడలేదు. సతీశ్ చూశాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"ఆ నీళ్లు బోరు నీళ్లు గావు సారూ," అంది. "కరెంటు లేకుండె. తేటకుండల నుంచి పోసిచ్చిన. సంతకం వెట్టిన. తప్పు నాదే. కని నీళ్లు బాగు గాలేదు. నా బిడ్డ మొన్న పంపు నీళ్లు తాగి సెలైన్ ఎక్కిచ్చుకున్నది."

పక్కింటి అరుణమ్మ గిర్రున తిరిగింది. ఐదిళ్లలో ఆమెదీ ఒకటి. "ఇంటర్ దాక వొయినవు గదనే, సదువొచ్చిన సంతకమే గిట్ల జేసెనా?" అని గదమాయించింది. ఆ వెంటనే ఆమె గొంతు దిగిపోయింది. "నేనూ గంతేనే. ఏలుముద్ర ఏసిన. తేటకుండల నుంచే ముంచిన. ఇంటి ముందటికి వచ్చినోనికి ఎర్ర నీళ్లు ఎట్లిస్తం?"

ఇంకొకామె లేచింది. "నేను గూడ." మరో ఇద్దరు. ఐదిళ్లూ నిలబడ్డాయి.

ప్రేమ్‌సాగర్ ముఖం బిగుసుకుంది. "అంటే ఐదుగురూ కలిసి ప్రభుత్వ అధికారిని మోసం చేశారన్నమాట. తప్పుడు సంతకం నేరం. కేసు ఎంత దూరం పోతుందో తెలుసా?"

హనుమమ్మ వచ్చి కోడలి రెక్క పట్టుకొని పక్కన నిలబడింది. "ఐదుగురేంది సారూ! ఊరంత అదే కుండ. ఏ ఇంటికి వచ్చినా తేట నీళ్లే పోసిస్తుండె. రాసుకో కేసు, ఊరంత మీద రాసుకో. నీ కాయితం సరిపోదు."

గాలయ్య ముందుకొచ్చాడు. "కరెంటు ఉన్నప్పుడు రమ్మనున్రి సారును. బోరు బాగ నడువనియ్యున్రి. మూతి కాడ సీస వట్టి, గాలి బుగ్గ లేకుంట మూత బిగిచ్చి, ఐసుల వెట్టున్రి. మా అందరి ముందట. గప్పుడు పాసయితె నేనే మిషను ఇప్పుత."

"రిపోర్టు వచ్చేసింది. రేపు లారీ వస్తుంది," అని ప్రేమ్‌సాగర్ కారెక్కాడు. నీళ్ల బాటిల్ బల్ల మీదే మరిచాడు. ఎవరూ ముట్టలేదు.

సోమవారం లారీ, క్రేను, వెనక పోలీసు వ్యాను వచ్చాయి. అప్పటికే మూడు బోర్ల దిమ్మెల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. మొగవాళ్లు గేటుకు అడ్డంగా నిలబడ్డారు. పరశురాములు రాలేదు గానీ అతని తల్లి వచ్చింది. గాలయ్య మోటరు గదిలో ఉండి లోపల గడియ పెట్టుకున్నాడు.

పోలీసులు గేటు దగ్గర దారి చేశాక టవరు విప్పడానికి కంపెనీ ఆరుగురు కూలీలను దింపింది. అందులో సతీశ్ ఉన్నాడు. కావాలనే పెట్టారు. సూపర్‌వైజరు పానా అతని చేతిలో పెట్టి, "ఎక్కి ఇప్పురా" అన్నాడు.

సతీశ్ టవరు కిందికి పోయాడు. దిమ్మె మీద తల్లి, పెళ్లాం. నిరోష అరవలేదు, బతిమాలలేదు. ఇల్లు గడవాలని అతను పడే భయం ఆమెకు తెలుసు. ఆమె భయం అతనికి తెలుసు.

"సారూ," అన్నాడు సతీశ్, నేల చూపులతో. "గీ నట్లు ఇప్పుమంటె నా పిల్ల గొంతుల మందు పోయిమన్నట్టే. నాతోటి గాదు."

పానా కింద పెట్టాడు. మిగతా ఐదుగురు కూలీలూ పెట్టారు. గేట్ పాసులు అక్కడికక్కడే గుంజుకున్నారు. ఆ తర్వాత లాఠీలు లేచాయి. ఆడవాళ్లను దిమ్మెల మీదినుంచి ఈడ్చారు. ఒకామెను ఈడ్చితే ఆ జాగాలో ఇంకొకామె కూర్చుంది. మోటరు గది తలుపు పగలగొట్టి దగ్గుతున్న గాలయ్యను బయటికి లాగారు. ఆయన చెయ్యి స్టార్టరు పిడిని వదలలేదు, వేళ్లు విప్పాల్సి వచ్చింది. జనం ఎగబడుతుంటే క్రేను ముందుకు రాలేకపోయింది. పొద్దు గూకేసరికి లారీ ఖాళీగానే తిరిగిపోయింది. వ్యాను మాత్రం నిండుగా పోయింది.

మర్నాడు అందరినీ వదిలారు. గాలయ్యను వదల్లేదు. కంపెనీ ఆస్తిని ఆక్రమించాడని కేసు రాసి జిల్లా జైలుకు పంపారు.

కంపెనీ మిషనుకు కరెంటు కోసేసింది. పక్క చెల్క రైతు తన బోరు లైను నుంచి వైరు గుంజి ఇచ్చాడు. ఇల్లింటికీ వంతు పెట్టుకొని మోటరు నడుపుతున్నారు. అరుణమ్మ స్టార్టరు వేయడం నేర్చింది. ఎర్ర గుర్తులు మళ్లీ వేశారు, ఈసారి ఊరివాళ్లే. గాలయ్య చెప్పిన తీరుగానే బోరు మూతి దగ్గర సీసాలు నింపి, ఐసులో పెట్టి, హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చదివే విద్యార్థులకు పంపారు. పీపాల్లో బొగ్గు ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. వైరు ఎప్పుడు కోస్తారో తెలియదు. నిరోష మీద తప్పుడు సంతకం కేసు పెట్టారు, సతీశ్‌కు పని లేదు. ఆమె భయం పోలేదు. భయంతోనే వంతుకు పోతుంది, పిల్లను చంకనేసుకొని.

ఇది చదువుతున్న కార్మికులారా, విద్యార్థులారా, మిమ్మల్ని అడిగేది ఒకటే. గాలయ్యకు నా అన్నవాళ్లు లేరు. ఊరివాళ్లు రెండుసార్లు పోతే ములాఖాత్ ఇవ్వకుండా తిప్పి పంపారు. మీలో ఎవరైనా సరే, జైలు గేటు దగ్గర ఆయన పేరు రాయించి, లోపలికి పోయి చూడండి. దగ్గు మందు అందుతున్నదో లేదో అడగండి. మనిషి ఎట్లా ఉన్నాడో మోదుగుబాయికి ఒక కబురు పంపండి.